నాలుగు నిమిషాలు ముందొచ్చే దొంగలు

నవంబరు 11, మంగళవారం. గుత్తి.

ఈ రోజు మూడు సాక్ష్యాలు చూశాను. మొదటిది ఒక లారీ డ్రైవరుది. డోన్ దాటాక తెల్లవారుజామున ఇరవై దీపాలు చీమల బారులా, చప్పుడు లేకుండా, ఆకాశంలో ఒకదాని వెనక ఒకటి పోయాయని రాశాడు. ఉపగ్రహాలు. రెండోది హాస్టలు వార్డెనుది. పడమట ఒక తెల్లటి వెలుగు తమ బస్సుతోపాటు పరిగెత్తిందట, బస్సు ఆగితే అదీ ఆగిందట, పిల్లలంతా ఏడుపు లంకించుకున్నారట. శుక్రుడు. మూడోది పెళ్ళివారిది. కింద పద్నాలుగు సంతకాలున్నాయి. పద్నాలుగు మందీ పద్నాలుగు రంగులు చెప్పారు. దాని పక్కన 'తేలలేదు' అని రాసి కట్టలో పెట్టాను.

మా కార్యాలయంలో పని ఇదే. ఎండలు భరించలేక ఆకాశానికి అడ్డంగా గుడ్డ పందిరి వేయకముందు, ఆకాశంలో వింత వెలుగులు చూశామని జనం రాసిన కాగితాలన్నీ, మూడు జిల్లాలవి, ఇక్కడికి చేరాయి. ఒక్కొక్కటీ చదివి పక్కన ఏమిటో రాయాలి. రాసేవాడు చుక్కల్ని కళ్ళారా చూసినవాడై ఉండాలని నియమం. పందిరి పడి నలభై తొమ్మిదేళ్ళు. అప్పటికి నాకు పద్నాలుగు. తోటివాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అరవై మూడేళ్ళొచ్చినా నన్ను మాత్రం రిటైరు కానివ్వడం లేదు.

మా అధికారి రెహానా మేడం మంచి మనిషి. వయసు ముప్పై ఎనిమిది. ఆమెకు ఆకాశమంటే పగలు పాలరంగు, రాత్రి బూడిదరంగు. శుక్రుణ్ణి చూసి బస్సు వెంట పడిందనుకున్న వార్డెనును తలుచుకుని ఆమె నవ్వింది. నాకు మాత్రం ఆ వార్డెను మీద అసూయ కలిగింది. పొరబడితే పొరబడింది, తల ఎత్తితే పొరబడటానికైనా అక్కడ ఏదో ఒకటి ఉండేది.

సాయంత్రం ఇంటికి బయల్దేరే వేళకు మేడం ఇంకో కాగితం తెచ్చి ఇచ్చింది. పోలీసులు పంపారు. ఎర్రొంకపల్లె నుంచి సుంకులమ్మ అనే రైతు రాసింది: "మా చేనికి తూర్పున పందిరి మీద దొంగలు పడ్డారు. దీపాలు పట్టుకుని గుడ్డ కోస్తున్నారు. నిన్నా వచ్చారు, ఈ రోజూ వచ్చారు. దయచేసి వాళ్ళను కిందికి దింపవలెను."

తారీఖు చూశాను. మొన్నటిది. నలభై తొమ్మిదేళ్ళలో మా కార్యాలయానికి వచ్చిన మొదటి కొత్త సాక్ష్యం అది.

నవంబరు 12, బుధవారం. ఎర్రొంకపల్లె.

బస్సు బుధవారం ఒకటి, శనివారం ఒకటి. ఈ రోజు వచ్చానంటే శనివారం దాకా ఇక్కడే. బడి పక్క గదిలో చాప ఇచ్చారు. ఏడిళ్ళ ఊరు. అందరూ పందిరి పడ్డాక వచ్చి పొలాలు చేసుకున్నవాళ్ళే. యాభై దాటిన మనిషి లేడు.

సుంకులమ్మకు ముప్పై అయిదు ఉంటాయి. ఒంటిచేత్తో అయిదెకరాల నీడ వేరుశనగ చేస్తోంది. పందిరి కింద పెరగడానికి తయారుచేసిన ఆ రకం ఆకు పల్చగా, లేతగా ఉంటుంది. ఇప్పుడు కాయలు పట్టే ఊడలు నేలలోకి దిగే దశ. నన్ను చూడగానే ముఖం చిట్లించింది.

"పోలీసులు కద రావాల్సింది. మీరొక్కరే వచ్చినారు, లాఠీ గూడా లేకుండా."

"దీపాల సంగతి నేను చూస్తానమ్మా. దొంగల సంగతి తర్వాత చూద్దాం."

"పైన గుడ్డ కిందపడ్డ ముక్కకే రెండు మేకలిస్తారు సార్. ఊరికే పోతారా వాళ్ళు?"

మా పద్ధతి ప్రకారం గింజల పళ్ళెం తీశాను. ఆవగింజ, సజ్జగింజ, జొన్నగింజ, శనగగింజ. సాక్షి చెయ్యి బారుగా చాపి, చూసిన వెలుగును ఏ గింజ కప్పేస్తుందో చెప్పాలి. ఆకాశంలో దేన్ని గురించి అడిగినా జనం బండిచక్రమంత అంటారు, చేతికి గింజ ఇస్తే నిజం చెబుతారు. సుంకులమ్మ ఆవగింజ పట్టుకుని చెయ్యి చాపి, తల అడ్డంగా ఊపింది. "ఇది గూడా పెద్దదే సార్."

తర్వాత నోటు పుస్తకం తెచ్చింది. మందు ఎప్పుడు కొట్టింది, నీళ్ళు ఎప్పుడు పెట్టింది అన్నీ అందులో ఉంటాయి. చివరి పేజీలో దొంగలు వచ్చే వేళలు రాసింది. తొమ్మిదో తేదీ ఏడు యాభై రెండు. పదిన ఏడు నలభై ఎనిమిది. పదకొండున ఏడు నలభై నాలుగు.

మూడు వేళలూ వేలు పెట్టి మళ్ళీ లెక్కవేశాను. రోజుకు సరిగ్గా నాలుగు నిమిషాలు ముందు పనిలోకి దిగే దొంగ లోకంలో లేడు. అంత క్రమశిక్షణే ఉంటే ఎక్కడైనా ఉద్యోగం చేసుకునేవాడు. రోజుకు నాలుగు నిమిషాలు ముందొచ్చేవి చుక్కలు.

"సుంకులమ్మా, అవి చుక్కలేమో అని నీకు అనిపించలేదా?" అన్నాను.

"చుక్కలా? బళ్ళో చదువుకున్యాము గదా సార్. చుక్కకు అయిదు కొనలుంటాయి. వీటికి కొనల్లేవు." ఆమె ఎంత నమ్మకంగా చెప్పిందంటే నేను గింజల పళ్ళెం తీసి సంచిలో పెట్టేశాను.

ఏడున్నరకు గట్టు మీద కూర్చున్నాం. తూర్పున పందిరి బూడిదరంగులో ఒక నల్లటి చీలిక, ఈశాన్యం నుంచి ఆగ్నేయం దాకా పొడుగ్గా కనిపించింది. ఏడు నలభైకి ఆ చీలిక అంచు మీదికి ఒక వెలుగుల గుంపు జరిగింది.

పిల్లలకోడి. కృత్తికలు.

నా కళ్ళు పాతబడ్డాయి, సరిగా లెక్క కూడా అందలేదు, అలుక్కుపోయి ఆవిరిలా కనిపించింది. అయినా గుర్తుపట్టాను. నాలోని పద్నాలుగేళ్ళ మద్దిలేటి లేచి కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. చీకట్లో సుంకులమ్మకు కనపడకుండా ఏడ్చాను. ఆమె మాత్రం పైకి చూస్తూ తిడుతూనే ఉంది.

నేను చేయాల్సింది ఒకటే. సాక్ష్యం పక్కన 'చుక్కలు' అని రాసి పంపాలి. పైన చుక్క కనపడిందంటే పందిరి చిరిగిందని అర్థం. ఆ మాట చేరగానే కుట్టుపడవ గంటలో వచ్చి కుట్టేస్తుంది. అది పగలే బయల్దేరుతుంది. సాయంత్రం అయిదు దాటాక చెబితే మర్నాడు పదింటికి వస్తుంది.

నేను 'తేలలేదు' అని రాసి పంపాను.

నవంబరు 13, గురువారం.

ఎందుకు రాశానో ఇక్కడైనా దాచకుండా రాయాలి. మా ఓబులక్క కోసం.

అక్క నాకన్నా పదహారేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. చేలో అడవిపందుల కావలికి మంచె ఎక్కేది, నన్నూ ఎక్కించుకునేది. మాకు గడియారం లేదు. పిల్లలకోడి ఇంత ఎత్తుకొస్తే నువ్వు నిద్రపో, నెత్తి మీదికొస్తే నేను లేపుతా, గొల్లకావడి, ఆ మూడు చుక్కల వరస, వాలితే ఇంటికి పోదాం. ఇదీ లెక్క. ఆమె ఒడిలో తల పెట్టి వాటిని చూస్తూ నిద్రపోయిన రోజులే నా మొత్తం ఆస్తి. పందిరి పడిన మర్నాటి నుంచి అక్క తల ఎత్తడం మానేసింది. "కప్పును చూసేదేముందిరా" అనేది. ఇప్పుడు డెబ్బై తొమ్మిది. పామిడిలో ఉంటోంది. మోకాళ్ళు పోయాయి, కళ్ళు మాత్రం నాకన్నా నయం.

పొద్దున ఆమెకు ఫోను చేశాను. "శనివారం బస్సుకు రా అక్కా. ఒకటి చూపిస్తా."

"ఏందిరా అది? చెప్పు."

"చెప్తే చూసినట్టుండదు."

"ముసలిదాన్ని ఎక్కించి దించి ఆడుకుంటాండావు. సరే, వస్తా."

శనివారం దాకా ఆ చీలిక ఉండాలి. నేను కోరుకున్నది అంతే. అదేమంత పెద్ద కోరిక అనుకున్నాను.

ఎనిమిదిన్నరకు సుంకులమ్మ పిలిచింది. ఆ చీలిక గుండా పసుపుపచ్చటి వెలుగు పలకలా చేను మీద పడి ఉంది. అందులో చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. ఎండ. అసలైన ఎండ. దాన్ని చూసి కూడా నాకు ఆనందమే కలిగింది, ఆ మాటా రాయాలి. గంటసేపుండి పోయింది.

"ఈ ఆకు చూడండి సార్, కొనలు మాడినట్టుండాయి. నాలుగు రోజుల్నుంచి ఇట్లే. ఏమయినాదో తెల్లే. ఆ వెలుగు కూడా దొంగలదేనా?"

నాకు తెలుసు. నీడ పైరుకు ఎండ తగిలితే ఏమవుతుందో చదువుకున్నవాడికి ఎవరికైనా తెలుస్తుంది.

"ఏదో తెగులేమోనమ్మా" అన్నాను.

నవంబరు 14, శుక్రవారం.

ఇంకో రెండు సాళ్ళు ముడుచుకున్నాయి. ఎండపలక నిన్న పడిన చోటు దాటి పక్కకు జరిగింది. చీలిక పెరుగుతోంది. సుంకులమ్మ తెల్లవారకముందే వేపకషాయం కాచి, డబ్బా వీపున వేసుకుని, అయిదెకరాలూ కొట్టింది. తెగులన్నాను కదా. ఎండకు వేపకషాయం ఏం చేస్తుంది?

మధ్యాహ్నం నాకు సంగటి, నంజుకోడానికి చెనిక్కాయల ఊరుబిండి తెచ్చి పెట్టింది. "మా చేని చెనిక్కాయలే సార్, పోయినేటివి" అంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఇన్నేళ్ళకు నాకు తెలిసింది. ముద్ద కంచంలోనే వదిలేశాను. పొట్ట బాగాలేదని చెప్పాను. ఆమె వెళ్ళి వాము నీళ్ళు తెచ్చింది.

రెహానా మేడం ఫోను చేసింది. "ఆ దీపాలు ఏంటివో తేలిందా సార్? పోలీసులు అడుగుతున్నారు."

"ఇంకో రెండు రోజులు మేడం."

"మీకే తేలకపోతే ఎవరికి తేలుతుంది?" అందామె మామూలుగానే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను పందిరి పాతబడిందనీ, గాలి ఎక్కువగా ఉందనీ అడగని సంగతులన్నీ చెప్పి పెట్టేశాను.

సాయంత్రం గట్టు మీదికి వెళ్ళలేదు. రేపు ఒక్కరోజే కదా, అక్క చూశాక అదే క్షణం ఫోను చేస్తానని నాకు నేనే పదిసార్లు చెప్పుకున్నాను. అక్క చూసేసరికి ఏడున్నర అవుతుంది. పడవ ఆదివారం పదింటికి వస్తుంది. ఆదివారం పొద్దుటి ఎండ ఈ చేనికి తప్పదు. ఈ లెక్క కూడా పదిసార్లు వేశాను. ప్రతిసారీ అంతే వచ్చింది.

నవంబరు 16, ఆదివారం. గుత్తికి తిరుగుదారిలో, పాలవ్యానులో.

నిన్న రాయలేదు. ముందు ఆఫీసు సంగతి. పన్నెండో తేదీ సాయంత్రమే నాకు తెలుసని, తెలిసీ 'తేలలేదు' అని రాశానని రెహానా మేడానికి రాసి పంపాను.  ఆమె, సోమవారం వచ్చి పళ్ళెం, తాళాలు అప్పగించండి అని మాత్రం పంపింది. ఇన్నేళ్ళు కానివ్వని రిటైరుమెంటు ఇలా వచ్చింది. ఆమెను తప్పుపట్టను.

ఇక నిన్నటిది.

నాలుగింటికి బస్సు దిగింది అక్క. చేతికర్ర, భుజాన చిన్న సంచి. బడి దగ్గర కూర్చోబెట్టి, చీకటి పడ్డాక తీసుకుపోదామనుకున్నాను. ఊళ్ళోకొచ్చి చేను చూడకుండా ఏం కూర్చుంటాను అని కర్ర తాటిస్తూ బయల్దేరింది. నేను ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆమె, దారి పొడుగునా నా ముఖమే చూసింది.

గట్టు దగ్గరికి రాగానే ఆగిపోయింది. సుంకులమ్మ మాడిన మొక్కలు పీకి కుప్ప వేస్తోంది. దగ్గర దగ్గర ఎకరా ఖాళీ అయింది. అక్క అతికష్టం మీద వంగి ఒక ఆకు తుంచింది. వేళ్ళతో నలిపింది. పొడిపొడిగా రాలింది.

"ఎవరమ్మా నువ్వు? ఇది నీ చేనేనా?"

"అవునవ్వా. తెగులు తగిలింది. మందు కొడతాండా, ఆగలే."

"ఇది తెగులు గాదు. ఎండ. మా కాలంలో ప్రతి ఏడూ చూసినాము." తల ఎత్తకుండానే నా వైపు తిరిగింది. "ఎండ యాడిది మద్దిలేటీ, పందిరి కింద?"

నేను చీలిక వైపు చెయ్యి చూపించాను. ఆమె అటు చూడలేదు. నా ముఖమే చూస్తోంది.

"ఎన్ని దినాల్నుంచి నీకు తెలుసు?"

"బుధవారం నుంచి."

"ఎవరికోసరం దాచినావు?"

 చెప్పాను. పిల్లలకోడి అక్కా, రోజూ వస్తోంది, ఏడున్నరకు నీకు చూపిద్దామని. ఇంకో రెండు మూడు గంటలు ఆగితే చాలు అని బతిమాలాను కూడా. అరవై మూడేళ్ళ మనిషిని, చిన్నపిల్లవాడిలా ఆమె కొంగు పట్టుకున్నాను.

"ఇప్పుడు చెప్తే పడవ ఎప్పుడొస్తాది?"

"ఆరు లోపలే."

"ఏడున్నరకు చెప్తే?"

"రేపు పదింటికి."

"అంటే రేపటి ఎండ ఈ బిడ్డ చేను మీదనే పడాల. ఫోన్ చెయ్."

"అక్కా, మళ్ళా ఇంకెప్పుడూ—"

"మన చేను పందులు తొక్కిన ఏడు మనం ఏం తింటిమో మరిచిపోతివా? నేను చూసినాను రా. ఇరవై ఏండ్లు చూసినాను. ఫోన్ చెయ్."

చేశాను. 'చుక్కలు' అన్న ఒక్క మాట. నాలుగూ యాభై అయింది.

సుంకులమ్మ అంతా విన్నది. చేతిలోని మొక్కలు కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"మీరు తెగులన్నారు సార్" అంది.  తిరిగి వెళ్ళి మొక్కలు పీకడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి పక్క సాలులో కూర్చుని పీకాను. వద్దని అనలేదు, రమ్మనీ అనలేదు.

అయిదున్నరకు కుట్టుపడవ వచ్చింది. ఆగ్నేయం కొస నుంచి కుట్టుకుంటూ ఈశాన్యం వైపు పోయింది. ఆరుంపావుకు చీలిక లేదు. ఏ మచ్చా లేని బూడిదరంగు తూర్పంతా పరుచుకుంది. పడవ దీపం కూడా పోయాక అక్క గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. అప్పుడు కూడా తల ఎత్తలేదు.  చూసినాను అన్నదే కానీ, ఇంకొక్కసారి చూడాలని ఆమెకు మాత్రం ఉండదా?

సుంకులమ్మ చేతులు కడుక్కుని వచ్చి ఆమె పక్కన చెంబుతో నీళ్ళు పెట్టింది. నిలబడి, కాసేపు చూసి, తనూ కూర్చుంది.

"నువ్వు దినామూ చూస్తివి గదమ్మా" అంది అక్క. "ఎట్లుండె? చెప్పు."

"నేను దొంగలనుకుంటి అవ్వా. తిడుతూ చూసినా."

"తిడుతూ చూసినా చూసినట్టే గదా. చెప్పు."

సుంకులమ్మ మొదట తడబడింది. తర్వాత చేతితో గాలిలో చూపిస్తూ చెప్పింది. చీలిక అంచున ముందు ఒకడు తొంగిచూస్తాడు. వాని వెనక గుంపంతా ఒక్కసారిగా వస్తాది. అరచేతిలో పట్టేంత చోట్లోనే అందరూ ఉంటారు, దూరందూరం పోరు. మధ్యలో ఒకడి దీపం పెద్దది, వాడే నాయకుడనుకున్నా. నీలంగా ఉంటాది, మన దీపం మాదిరి ఎర్రగా కాదు. గాలికి ఆరిపోతాదేమో అన్నట్టు అల్లాడుతాది, ఆరదు. అవ్వా, తిడతా తిడతానే ఎప్పుడొస్తారా అని ఎదురు చూస్తాంటి, ఆ మాట ఎవరికీ చెప్పలే.

అక్క కళ్ళు మూసుకుని వింటోంది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోందని నాకు తెలుసు.

"ఆరు బాగా కనపడతాయి" అంది. "ఏడోది కష్టం. పిల్లప్పుడు ఏడూ చూసేదాన్ని. నీకు ఏడోది కనపడెనా?"

"ఏడు కాదవ్వా. తొమ్మిది మంది."

అక్క కళ్ళు తెరిచింది. "తొమ్మిదా?"

"నాలుగు దినాలు లెక్కపెట్టినా. పోలీసులకు చెప్పల్ల కద, ఎంత మందిరా అంటే. తొమ్మిదే."

"నేను ఇరవై ఏండ్లు చూసినా ఏడే చూస్తి. ఇంగ రెండుండాయా అందులో?" ఆమె కర్ర పక్కన పెట్టి సుంకులమ్మ చెయ్యి పట్టుకుని, ఆ అరచేతిని తన ఒళ్ళో చాపింది. "ఆ రెండూ యాడుండాయో చూపీ."

సుంకులమ్మ మాడిన ఆకు పొడి అంటిన వేలితో, తన అరచేతిలో ఒక్కొక్కటే పెట్టి చూపించింది. పెద్ద దీపం ఇక్కడ. దాని పక్కన ఇది. ఇంకొకటి ఇదిగో, ఈ కొసకు, ఒంటరిగా. అక్క ఆ అరచేతి మీదికి వంగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టమంది.